మూడు పూతల ఇల్లు

నమోదు 1
ఏప్రిల్ 6, సోమవారం, ఉదయం 9 గం. బయట 44 డిగ్రీలు, నడిమింట్లో 28.

ఇటుకబట్టీ వీధిలో నా గురించి ఒక మాట తిరుగుతోంది. వీధి పేరేమిటని అడిగితే బిందమ్మ తొమ్మిది సెకన్లు గుటకలు మింగి, చివరికి "గురువారం" అందట. ఆ మాట తప్పు. నేను గుటకలు మింగలేదు. అడిగిన ప్రతి ప్రశ్నకూ ఆ క్షణమే నిండు గొంతుతో జవాబు చెప్పాను. పోయిన గురువారం జరిగింది ఇది: ఈ రోజు ఏ వారమని గోడమీది పలకరింపు పెట్టె అడిగింది, గురువారమన్నాను. నా జవాబు దారిలో ఎక్కడో చిక్కుకుంది. అది చేరకముందే పలకరింపు తరువాతి ప్రశ్నకు వెళ్లి వీధి పేరు అడిగింది. ఆలస్యంగా అందిన గురువారాన్ని తెచ్చి వీధి పేరు ఎదుట రాసుకుంది. ఇందులో నా తప్పు ఆవగింజంత కూడా లేదని రుజువు చేయడానికే ఈ నమోదులు మొదలుపెడుతున్నాను.

నా పేరు హిమబిందు. వయసు డెబ్బై ఎనిమిది. అనంతపురంలో ఫిజిక్సు ప్రధానంగా డిగ్రీ చదివి, ముప్పై ఒక్క సంవత్సరాలు వాతావరణ కేంద్రంలో ఎండనూ గాలినీ, కురిసిన ఏడాది వాననూ కొలిచాను. కొలవకుండా దేన్నీ నమ్మే అలవాటు నాకు లేదు. నా మతి గురించి కూడా అంతే.

ఒంటరిగా ఉండే పెద్దవాళ్లను సంక్షేమ శాఖ సోమ, గురువారాల్లో ఉదయం వంతులవారీగా పలకరిస్తుంది; నా వంతు ఏడింటికి. నడిమింటి గోడకు శాఖవారు బిగించి సీలు వేసిన పెట్టెలోంచి గొంతు వస్తుంది. మూడు ప్రశ్నలు. ప్రతి జవాబూ నాలుగు సెకన్లలో మొదలవాలి. మొదలవకపోతే "మందగింపు" అని గుర్తు పడుతుంది. వరుసగా ఐదు గుర్తులు పడితే ఒంటరి నివాసపు అనుమతి రద్దు. మరునాడే తెల్ల వ్యాను వస్తుంది, మనిషిని నీడతోటకు తీసుకుపోతుంది. నీడతోటను నేను చూశాను. గదికి పన్నెండు మంచాలు. ఎప్పుడు తినాలో, ఎప్పుడు పడుకోవాలో, ఏ రోజు తలంటుకోవాలో గోడమీద రాసి ఉంటుంది. తిరిగి వచ్చినవాళ్లను మాత్రం చూడలేదు.

ఇవాళ్టితో నాకు నాలుగు గుర్తులు. ఐదో పలకరింపు గురువారం.

గుర్తు పడిన ప్రతిసారీ ఇద్దరికి కబురు వెళుతుంది. ఒకరు ఎదురింటి నస్రీన్, రెండోవారు కర్నూలులో ఉన్న నా తమ్ముడి కూతురు ఆముక్త. ఏడుంబావుకల్లా నస్రీన్ ఉగ్గాణి గిన్నెతో గడప దగ్గర ఉంది. నలభై అయిదేళ్ల మనిషి, చేయి పెద్దది, నోరు అంతకన్నా పెద్దది.

"పెద్దమ్మా, మల్ల పడిందంటనే గుర్తు! రాత్రి నిద్ర పట్టిందా లేదా? తల తిరుగుతాందా?"

"నా తల బాగానే ఉంది. గురువారం కథ వీధిలో ఎవరు చెప్పారు?"

"నేను యాడ చెప్తిని? చరణన్నకు ఒక్కనికే చెప్పినా, అదీ బాధ తట్టుకోలేక."

"చరణ్‌తేజకు చెప్పడమంటే మైకులో చెప్పడమే కదే."

"తినుపో ముందు," అని గిన్నె చేతిలో పెట్టింది. ఆమెకు కోపం వచ్చినా, జాలి కలిగినా, సిగ్గేసినా మనకు దొరికేది తిండే.

ఆ తరువాత ఆముక్త వీడియోకాల్ చేసింది. దాని ముఖం నోరు తెరిచిన చోటే బిగుసుకుపోయి, గొంతు మాత్రం ముక్కలు ముక్కలుగా వచ్చింది.

"అత్తా, నువ్వు ఆగి ఆగి... మాట్లాడుతున్నావ్... అది మంచి లక్షణం కాదు... నా దగ్గరికి వచ్చేయ్."

"ఆగుతున్నది నేను కాదమ్మా, నెట్టు."

"ఏమన్నావ్? చూడు, మళ్లీ ఆగిపోయావ్!"

ఫోను పెట్టేశాను. ఏడుద్దామనిపించింది. దానికి బదులు ఈ పుస్తకం తీసి గీతలు గీసుకున్నాను.

నమోదు 2
అదే రోజు, సాయంత్రం 6 గం.

శాఖవారి పెట్టె, నా ఫోను రెండూ ఒకే టవరు మీద నడుస్తాయి. పెట్టెను కదిలించడం నేరం కనుక కొలతలన్నీ ఫోనుతో తీసుకున్నాను. ఫిబ్రవరిలో నడిమింట్లో నెట్టు వేగం 38 మెగాబిట్లని పాత పుస్తకంలో రాసి ఉంది. నేనెందుకు రాసుకున్నానో గుర్తులేదు. కొలవగలిగిన దాన్ని కొలుస్తాను, అంతే. ఇవాళ 2.

సహాయ కేంద్రానికి ఫోన్ చేస్తే ఒక యంత్రం ఎంతో మర్యాదగా నాలుగు సలహాలిచ్చింది. నాలుగూ పాటించాను.

పెట్టె స్విచ్చు ఆపి, నిమిషం ఆగి, వేశాను. ఫలితం 2. ఫోనునూ అలాగే చేశాను. 2. వాడని పరికరాలన్నీ నెట్టు నుంచి తొలగించమంది. నా ఇంట్లో అలాంటివి రెండున్నాయి, నీళ్ల తొట్టి మీటరు ఒకటి, పాలకూర పెంచే అరలోని దీపం ఇంకొకటి. రెండింటినీ తీసేశాను. వేగం 2 దగ్గరే ఉంది. పాలకూర మాత్రం చీకట్లో ఉంది. కిటికీ దగ్గరికి వెళ్లి కూర్చోమంది. వంటింటి కిటికీ, ముందుగది కిటికీ, రెండింటి దగ్గరా 2. అటక ఎక్కి చూశాను. 2.

ఇది నాకు వింతగా తోచింది. జబ్బు సిగ్నల్‌దైతే గదిగదికీ తేడా ఉండాలి. జ్వరం వచ్చిన మనిషికైనా నుదురు ఒకలా, పాదాలు ఒకలా ఉంటాయి. ఇల్లంతా ఒకే అంకె చూపిస్తోంది.

చివరికి మనిషి గొంతు దొరికింది. "మీ వీధిలో పగలు అందరూ ఇళ్లలోనే ఉంటారు కదమ్మా, లోడ్ ఎక్కువ. మెకానిక్‌ను పంపిస్తాం. నలభై రోజుల్లో వస్తాడు," అంది ఆ అమ్మాయి.

"నాకు మూడు రోజులే ఉన్నాయి," అన్నాను.

"అయ్యో, అంత సీరియస్సా అమ్మా?" అంది ఆమె, డాక్టరు నాకు మూడు రోజులే గడువిచ్చాడనుకుని.

లోడ్ ఎక్కువన్న మాటను కొట్టిపారేయలేను. ఎండాకాలంలో ఎనిమిది నుంచి ఆరు దాకా ఈ ఊళ్లో గుమ్మం దాటేవాళ్లు ఉండరు. సినిమాలు, పాఠాలు, పెళ్లి చూపులు, పోట్లాటలు అన్నీ నెట్టులోనే. రేపు తెల్లవారుజామున, వీధంతా అంగడిలో ఉన్నప్పుడు మళ్లీ కొలుస్తాను.

నమోదు 3
ఏప్రిల్ 7, మంగళవారం, ఉదయం 8 గం.

ఐదింటికి, ఐదున్నరకు, ఆరింటికి కొలిచాను. మూడుసార్లూ 2. అప్పటికి వీధిలో ఇళ్లన్నీ తాళాలు వేసి ఉన్నాయి. కనుక లోడ్ కారణం కాదు. ఒక అనుమానం తీరింది. తీరిన అనుమానం కూడా ఒక ఫలితమే అని మా కేంద్రంలో పెద్దాయన అనేవారు.

తరువాత అంగడికి వెళ్లాను. కూరగాయల వరుసలో చరణ్‌తేజ కనిపించాడు. ఎనభై ఒకటి దాటిన మనిషి, ఒకప్పుడు బస్సు డ్రైవరు. నన్ను చూడగానే ఏదో వెక్కిరింపు వస్తుందని సిద్ధపడ్డాను. రాలేదు.

"బిందమ్మా, నీమీద నగినందుకు నాకూ పడింది సూడు. నిన్నటికి నాలుగు."

"నీకా? నాలుగు గుర్తులా?"

"ఊ. నేను బిరీననే చెప్తాండాననుకుంటి. పెట్టె మాత్రం లేదంటాంది. అది అబద్ధం ఎందుకు చెప్తాది? నాకే తెలీకుండా బుర్ర మందగించినట్లుండాది. నిన్న చెప్పు యాడ ఇడిసినానో రోంతసేపు తోచలేదు."

"చెప్పులు నాకు ఇరవై ఏళ్లప్పుడు కూడా తోచేవి కావన్నా."

నవ్వలేదు. "నీడతోటకు రెండు జతల బట్టలే తీసుకుపోనిస్తారంట. ఏ రెండు పెట్టుకోవాల్నో సూస్తాండా," అన్నాడు. ఆ మాటంటున్నప్పుడు అతని చేతిలో వంకాయ ఉంది. దాన్ని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ బుట్టలోనే పెట్టేశాడు.

ఇంటికి తిరిగి వస్తూ ఫోనులో వేగం చూశాను. వీధి నడిమధ్యన 37. నా గేటు దగ్గర 36. గుమ్మం దాటి లోపల అడుగు పెట్టి తలుపు మూశాను. 2.

జబ్బు టవరుది కాదు, ఫోనుది కాదు. ఇంటిది.

నమోదు 4
అదే రోజు, రాత్రి 7.30.

నస్రీన్ ఇంటికి వెళ్లాను. మా రెండు ఇళ్లూ ఒకే ఏడాది, ఒకే మేస్త్రీ కట్టినవి. గోడల మందం ఒకటే, కిటికీల లెక్క ఒకటే. వాళ్ల నడిమింట్లో నా ఫోను 29 చూపించింది. నేను నిలబడిన చోటే నిలబడి పదిసార్లు కొలిచాను. నస్రీన్ భర్త టీవీ చూడడం మాని నన్నే చూశాడు.

"పెద్దమ్మా, కూర్చోని కొలవచ్చు గదా," అంది నస్రీన్.

"మీ ఇల్లు వేడిగా ఉందేమే?" అన్నాను, చెమట తుడుచుకుంటూ. వాళ్ల గోడ గడియారం 34 డిగ్రీలు చూపిస్తోంది. నా ఇంట్లో 28.

నస్రీన్ గబగబా ఫ్యాను వేగం పెంచింది. అడిగినదానికి జవాబు ఎగ్గొట్టడం ఆమెకు అలవాటు లేదు కాబట్టి దాన్ని కూడా గమనించి పెట్టుకున్నాను.

మా ఊళ్లో చలువ పూత పద్ధతి ఒకటుంది. మార్చి నాలుగో ఆదివారం తెల్లవారుజామున వీధంతా బకెట్లతో బయటికి వస్తుంది. ఎవరి ఇంటికి వాళ్లు పూసుకోకూడదు, ఎదురింటివాళ్లే పూయాలి. ఇంటివాళ్లు పానకం కలిపి ఇవ్వాలి. గోడలమీదా, మూసిన కిటికీ రెక్కలమీదా పడే ఎండను ఆ పూత వెనక్కి కొడుతుంది. తొలివాన పడేదాకా దాన్ని గీకకూడదు. గీకితే వార్డువాళ్లు నోటీసు ఇస్తారు, అది చిన్న సంగతి. ఎదురింటివాళ్లతో మాటలు తెగిపోయాయని ఊరంతా అనుకుంటుంది, అది పెద్ద సంగతి.

నస్రీన్ ఇంటికి ఈసారి కూడా నేనే పూశాను. నిచ్చెన ఎక్కే పని వాళ్లాయన చేశాడు, తక్కినదంతా నేనే. సంచి మీద రాసిన కొలత ప్రకారం నీళ్లు కలిపి, ఒక్క పూత, ఎక్కడా మరక లేకుండా.

"నస్రీన్, నా ఇంటికి నువ్వు ఎన్ని పూతలు వేశావు?"

ఆమె కొంగు సర్దుకుంది. "ఎన్నేమిటి, ఏసినా."

"ఎన్ని?"

ఆమె భర్తే చెప్పాడు, టీవీ వైపు చూస్తూ. "మూడు. ఈ ఏడాది వార్డువాళ్లు సంచులు ఎక్కువ ఇచ్చినారు గదా. ఆదివారం ఒకటి, నువ్వు సోమవారం, మంగళవారం సాయంత్రం లైబ్రరీకి పోయినప్పుడు ఇంగ రెండు. వీధిలో ముసలోళ్ల ఇండ్లన్నిటికీ అట్లే ఏసినారు. మా ఇంటికే ఒకటి పడింది." చివరి మాట అనేటప్పుడు అతను నన్ను చూడలేదు.

మార్చి 23, సోమవారం ఉదయం పలకరింపులో నేను గెలిచాను. అప్పటికి ఒకటే పూత. 26, గురువారం మొదటి గుర్తు. అప్పటికి మూడు.

"మీ బియ్యం డబ్బా ఒకసారి ఖాళీ చేస్తావా?" అని అడిగాను.

నస్రీన్ నా వైపు చూసిన చూపులో, వీధిలో తిరుగుతున్న మాటలు నిజమేనేమోనన్న భయం స్పష్టంగా కనిపించింది. అయినా చేసింది. పెద్ద స్టీలు డబ్బా. బియ్యాన్ని దుప్పటి మీద పోసింది. ఫోనులో వేగం కొలిచేది నడిపించి, లోపల పెట్టి, మూత బిగించాను. నిమిషం తరువాత తీసి చూపించాను. 29 ఉన్నది 1 అయింది.

"ఇది నీ డబ్బా," అన్నాను. తరువాత వాకిలిలో మిగిలి ఉన్న ఖాళీ పూత సంచి తెచ్చి, వెనకవైపు సన్నక్షరాలు చదివించాను. సున్నం, అభ్రకం, అల్యూమినియం పొడి. "ఒక పూత అయితే చిల్లుల గిన్నె. మూడు పూతలు పడితే మూత పెట్టిన డబ్బా. నేను దాని లోపల కూర్చుని పలకరింపుకు జవాబులు చెబుతున్నాను."

నస్రీన్ బియ్యం ముందు కూలబడింది.

"నిన్ను నేను నీడతోటకు పంపిస్తాండానా పెద్దమ్మా?"

"నువ్వు నన్ను చల్లగా ఉంచావు."

"ఒంటరిదానివి, వయసైన దానివి, ఎండకు తాళలేవని గదా ఏస్తిని..." అని ఏడ్చింది. వయసైన దానివి అన్న మాట నాకు రుచించలేదు. ఆ సమయంలో దాన్ని సరిదిద్దడం సబబు కాదనిపించి ఊరుకున్నాను.

నమోదు 5
ఏప్రిల్ 8, బుధవారం, మధ్యాహ్నం 3 గం. బయట 46.

కారణం తెలియడం వేరు, గురువారం గట్టెక్కడం వేరు.

టవరు నైరుతి దిక్కున గుట్టమీద ఉంది. నడిమింటికి ఆ వైపు గోడే తప్ప కిటికీ లేదు. పైన ఒక వెంటిలేటరు ఉంది, జానెడు ఎత్తు, మూరెడు వెడల్పు, తెరుచుకోని గాజు పలక. ఏటా దాన్ని పూయకుండా వదిలేసేవారు. ఈ ఏడాది నస్రీన్ ప్రేమ దాన్ని కూడా వదల్లేదు. ఆ అద్దాన్ని గీకితే సిగ్నల్ నేరుగా పెట్టె మీద పడుతుంది. గోడంతా గీకనక్కరలేదు, ఇంటి చల్లదనం పోదు.

పొద్దున నస్రీన్‌కు ఈ మాట చెప్పడానికి వెళ్లాను. అనుమతి అడగడానికి కాదని ముందే నాకు నేను చెప్పుకున్నాను. ఆమె రొట్టెలు చేస్తోంది.

"రేపు తెల్లవారి వెంటిలేటరు అద్దం గీకుతాను. అందరూ చూస్తారు. మన మధ్య మాటలు తెగాయని అనుకుంటారు. అనుకోనీ. నీకు ముందే చెప్పాలని వచ్చాను."

రొట్టె తిప్పింది. మళ్లీ తిప్పింది. మాడిపోతున్నా తిప్పుతూనే ఉంది.

"నేను ఏసిన పూత నువ్వు గీకితే తప్పు," అంది చివరికి.

"తెలుసు."

"నేను ఏసింది నేనే గీకితే? ఎవురు ఏమంటారు? నా పూత, నా చెయ్యి."

ముప్పై ఏళ్లుగా ఈ వీధిలో ఉన్నాను. ఈ మార్గం నాకు తోచలేదు. చదువుకున్నదాన్ని నేను.

"నా పని నేను చేసుకోగలను," అన్నాను, అలవాటు కొద్దీ.

"చేసుకోగలవు పెద్దమ్మా, ఎవురు కాదన్నారు? నిచ్చెన మాత్రం నేను ఎక్కుతా. నువ్వు కింద నిలబడి అంకెలు సదువు. అది నాకు రాదు."

ఒప్పుకున్నాను. ఒకరి సాయం ఒప్పుకుని ఇంత తేలికగా ఊపిరి పీల్చడం నాకు గుర్తున్నంతలో ఇదే మొదటిసారి. ఇంకొక మాట కూడా అన్నాను, ఆలస్యంగానైనా. "మీ ఇంటికి నేను ఒక్క పూతే వేశాను. సంచి మీద అలా రాసి ఉందని వేశాను, తక్కువ చూసి కాదు."

"నాకు తెల్సు," అంది. "మా ఆయనకే తెలీదు. ఆ మాట ఒకసారి ఆయనకు వినపడేట్లు చెప్పు."

లోపలికి వెళ్లి, టీవీ ముందు నిలబడి, వినపడేట్లే చెప్పాను.

నమోదు 6
ఏప్రిల్ 9, గురువారం, ఉదయం 7.20.

ఐదుంబావుకు నిచ్చెన వేశాం. నస్రీన్ అట్లకాడతో గీకింది. పై పూత పొరలుగా ఊడింది, నడిమిది పొడిగా రాలింది, అడుగుది గాజును గట్టిగా పట్టుకుంది. నేను లోపల పెట్టె పక్కన నిలబడి, అంకె మారినప్పుడల్లా గట్టిగా చదివాను. "రెండు... రెండు... నాలుగు... తొమ్మిది." అంగడికి వెళ్లేవాళ్లు ఆగారు.

"ఏం నస్రీనూ, పెద్దామెతో చెడిందా?" అని ఎవరో అడిగారు.

"నాతో నాకే చెడింది. నువ్వు పో!" అని పైనుంచి కేకేసింది.

"పద్దెనిమిది! ఇరవై నాలుగు!" అని నేను అరిచాను. ఆ అరుపు వీధి చివరిదాకా వినిపించిందట.

అద్దం పూర్తిగా తేటపడేసరికి 31. సన్నటి వెలుతురు పట్టీ ఒకటి పెట్టె మీద పడింది.

ఏడింటికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నస్రీన్‌ను బయటికి పంపించాను; ఎవరో అందించారన్న మాట పడకూడదు. గొంతు బొంగురుపోతుందేమోనని పొద్దున్నుంచి గోరువెచ్చని నీళ్లు తాగుతూనే ఉన్నాను.

"నమస్కారం హిమబిందుగారూ. ఈ రోజు ఏ వారం?"

"గురువారం."

"మీ వీధి పేరేమిటి?"

"ఇటుకబట్టీ వీధి."

"నిన్న మధ్యాహ్నం ఏం తిన్నారు?"

"మాడిన జొన్నరొట్టె, వంకాయ పులుసు."

జవాబుల వ్యవధి పెట్టె మీద వెలిగింది. 0.9. 0.8. 1.1. మందగింపు లేదు. వరుస తెగింది.

నేను కుర్చీలోంచి లేవలేదు. పద్నాలుగు రోజులుగా వీపు మీద ఒక బస్తా ఉందని, అది దిగాకే తెలిసింది. నస్రీన్ కిటికీ రెక్క సందులోంచి, "పడిందా? పడలేదా? పెద్దమ్మా, ఏమన్నా చెప్పు!" అని అరుస్తూనే ఉంది. ఆమెకు జవాబు చెప్పడానికి నాకు నాలుగు సెకన్లకన్నా చాలా ఎక్కువే పట్టింది.

నమోదు 7
ఏప్రిల్ 10, శుక్రవారం, మధ్యాహ్నం.

నిన్న చరణ్‌తేజ తప్పించుకున్నాడు. ఎనిమిదింటికి రావలసిన అతని ఐదో పలకరింపు, అప్పుడు మొదలైన టవరు మరమ్మతు వల్ల సోమవారానికి వాయిదా పడింది. అతని ఎదురింటి భార్యాభర్తలు ఇవాళ తెల్లవారుజామున వచ్చి, తాము వేసిన పూతను తామే రెండు కిటికీల మీద గీకారు. నస్రీన్ న్యాయం వీధిలో పాకింది. అయినా చరణ్‌తేజ బట్టల పెట్టె సర్దడం ఆపలేదు. "అంకె పెరిగింది సరే, బుర్ర తగ్గింది గదా. పెట్టెలో రాసినారు," అంటాడు.

పదకొండు గంటలకు శాఖ నుంచి ఉద్భవ్ అనే అధికారి కాల్ చేశాడు. ముఖం బిగుసుకోకుండా, మాట తెగకుండా కనిపించాడు. చక్కని పళ్లు.

"అభినందనలు మేడమ్! మీలో చాలా మంచి మెరుగుదల కనిపించింది. వ్యాయామం చేశారా? జ్ఞాపకశక్తి ఆటలు ఆడారా? మెరుగుదల పత్రం పంపిస్తున్నాం, సంతకం చేసి పంపండి. ఫైలు మూసేస్తాం."

"నేను మెరుగుపడలేదు. ముందు కూడా ఇలాగే ఉన్నాను. మందగించింది సిగ్నల్. నా దగ్గర కొలతలున్నాయి."

"అర్థమైంది మేడమ్. కానీ సిస్టమ్‌లో రెండే గడులు. మందగింపు, మెరుగుదల. మెరుగుదలలో ఉన్నారు, మంచిదే కదా. ఎందుకు తవ్వడం?"

"పూత పండుగ తరువాత ఈ ఊళ్లో ఎంతమందికి మందగింపు గుర్తులు పడ్డాయి?"

అతను పక్కకు చూశాడు. లెక్క అతని తెర మీదే ఉన్నట్లుంది. "మీ వీధిలో పదకొండు. ఊరంతా కలిపితే... నూట అరవై చిల్లర. ఎండాకాలం కదా మేడమ్, ఎండకు పెద్దవాళ్ల మెదడు కొంచెం..."

"నా ఇంట్లో ఇరవై ఎనిమిది డిగ్రీలు బాబూ. మీ ఆఫీసులో ఎంత?"

అతను నవ్వి, మర్యాదగానే చెప్పాడు. కారణం వేరే ఉందని రికార్డులో ఎక్కాలంటే పునర్విచారణ అడగాలి. అడిగితే నా ఫైలు మళ్లీ తెరుచుకుంటుంది. నలభై అయిదు రోజులు, రోజుకు మూడు పలకరింపులు. అందులో ఒక్కటి తప్పినా పాత నాలుగు గుర్తులూ తిరిగి లెక్కలోకి వస్తాయి, అప్పుడు నీడతోట. అద్దం గీకిన సంగతి నేనే రాతలో ఒప్పుకున్నట్లవుతుంది కనుక వార్డు నోటీసు కూడా వస్తుంది.

"మీ మంచికే చెబుతున్నాను మేడమ్. సంతకం చేసేయండి. హాయిగా ఉండండి."

అబ్బాయి చెడ్డవాడు కాదు. పత్రం వచ్చింది. పూల అంచు ఉంది.

నమోదు 8
ఏప్రిల్ 11, శనివారం, ఉదయం 10 గం. బయట 45, నడిమింట్లో 29.

నిన్న సాయంత్రమంతా ఆ పత్రాన్ని బల్లమీద పెట్టుకుని కూర్చున్నాను. సంతకం చేస్తే ఇల్లు నాది, పాలకూర అర నాది, లేచే వేళ నాది. ఇల్లు దక్కడం కోసమే కదా అటక దాకా ఎక్కి దిగాను. కానీ మెరుగుదల అన్న మాట కింద సంతకం పెట్టడమంటే, అంతకుముందు మందగించానని ఒప్పుకోవడమే. నేను ఒప్పుకుంటే చరణ్‌తేజ కూడా ఒప్పుకున్నట్లే. అతను ఇప్పటికే సగం ఒప్పుకున్నాడు. చెప్పులు ఎక్కడ విడిచాడో తోచనప్పుడల్లా ఇక ఆ రాతే గుర్తుకొస్తుంది. సోమవారం అతను గెలిచినా ఆ బట్టల పెట్టె సర్దడం ఆగదు.

భయం వేసిందా అంటే, వేయలేదు. అదే నాకు ఆశ్చర్యం. పది రోజుల క్రితం పలకరింపు అంటే హడలిపోయేదాన్ని, నా నోరు నన్నే మోసం చేస్తోందేమోనని. ఇప్పుడు రోజుకు మూడు కాదు, ముప్పై అడిగినా చెప్పగలను. నా మతి నా దగ్గరే ఉంది, కొలిచి చూసుకున్నాను. రాత్రి హాయిగా నిద్రపోయాను.

పొద్దున నస్రీన్ వచ్చి, పత్రం మీద పూల అంచు చూసి మురిసిపోయింది. "సంతకం పెట్టి గోడకు తగిలించు పెద్దమ్మా, మేకు కొట్టిస్తా," అంది. టీ తాగి వెళ్లింది.

తొమ్మిదిన్నరకు ఆముక్త కాల్ చేసింది. చిత్రం నిలకడగా ఉంది. దాని ముఖంలో తమ్ముడి గడ్డం ఉందని చాలాకాలం తరువాత చూశాను.

"అత్తా, ఆఫీసరు నాకూ చెప్పాడు. పునర్విచారణ గురించి అడిగావట. నాకు భయంగా ఉంది. ఒక్కటి తప్పితే చాలు కదా? దయచేసి సంతకం చేసెయ్. లేదంటే కనీసం నలుగురినీ అడిగి, ఆలోచించి నిర్ణయం తీసుకో. తొందరపడకు."

"తొందరపడలేదమ్మా. ఆరింటికే లేచి ఆలోచించాను."

"మరి ఎప్పుడు చెబుతావ్?"

"పునర్విచారణ దరఖాస్తు, ఈ నమోదుల నకలు, పూత సంచి ఫోటో కలిపి ఏడుంబావుకు పంపించేశాను. ఎనిమిదింటికి మొదటి పలకరింపు కూడా వచ్చి వెళ్లింది."